సీసా అడుగున మిగిలిన మందు

ఫార్మసీ చదువుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "మీ కాలంలో ఈ పని ఎట్ల ఉండేది అవ్వా?" అని అడుగుతారు. చేతిలోని కాఫీ చల్లారేలోగా అయిపోయే జవాబు కావాలి వాళ్ళకు. నేనేమో మొదలుపెడితే రెండో కాఫీ పెట్టాల్సి వస్తుంది. అందుకని రాసి పెడుతున్నాను. ఓపిక ఉన్నవాళ్ళు చదువుకుంటారు. లేనివాళ్ళు మధ్యలో మడిచి పెట్టేస్తారు. ఆ సంగతి నాకు తెలియదు కాబట్టి నొచ్చుకోను.

ఏ ఏట ఏ ఆసుపత్రికి మారాను, ఎవరు మెచ్చి ఏ కాగితం ఇచ్చారు అన్నవి ఇందులో రాయడం లేదు. అవి నాకే సరిగా గుర్తు లేవు. గుర్తున్నవి మనుషులూ, నేను చేసిన తప్పులూ. అందులో ఒక తప్పు పెద్దది. దానితో ఒక మనిషికి ప్రాణం మీదికి వచ్చింది, ఏ పాపం ఎరగని ఒక ఆడమనిషి పరువు బజారున పడింది. ఇంత రాయడం ఆ ఒక్కటి చెప్పడం కోసమే. కానీ తిన్నగా అక్కడికి పోతే మీకు అర్థం కాదు.

కాంపౌండరమ్మ

మాది చిత్తూరు. నాయన మిషన్ బడిలో లెక్కలు చెప్పేవాడు. ముగ్గురు ఆడపిల్లల్లో నేను నడిమిదాన్ని. అక్క నర్సయింది, చెల్లెలు టీచరయింది. నాకు ఆ రెండూ సరిపడవని నాయన తేల్చేశాడు. "మా రాహేలు ఎవురి మాటా పడదు. దీన్ని మనుషుల దగ్గర కాదు, సీసాల దగ్గర నిలబెట్టాల" అని నన్ను ఒక మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు పని నేర్చుకోవడానికి పంపాడు. ప్రతి సీసా పట్టుకునే చెయ్యి ఒకటి ఉంటుందని అప్పుడు ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

పని నేర్చుకున్నాక తిరుపతిలో డాక్టరు వరదయ్య గారి ఆసుపత్రిలో చేరాను. ఆసుపత్రి అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ముందు ఒక అరుగు, లోపల చీటీ రాసే గది, దాని పక్కన మందులు కలిపే నా గది, వెనక ఆరు మంచాలు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు ఈ పనిలో తక్కువ. మొదటి నెలంతా వచ్చినవాళ్ళు నా ముఖం చూసి, "అమ్మా, కాంపౌండరు యాడికి పోయినాడు?" అని అడిగేవాళ్ళు. "ఈడే ఉండాడు, చీటీ ఇయ్యి" అనేదాన్ని. కొన్నాళ్ళకు కాంపౌండరమ్మ అన్న పేరు స్థిరపడింది.

మీరు రేకులో బిగించిన మాత్రలు చింపి ఇస్తారు. మేము మందును తయారు చేసేవాళ్ళం. తూచాలి, నూరాలి, కరిగించాలి, వడగట్టాలి. సీసా రోగి తెచ్చుకోవాలి. కొబ్బరినూనె సీసాలు వచ్చేవి, పన్నీటి సీసాలు వచ్చేవి, ఒకసారి కిరసనాయిలు సీసా కూడా వచ్చింది. వాసన చూసి తిప్పి పంపడం కూడా నా పనే. మందు పోశాక ఒక కాగితం పట్టీని పళ్ళు పళ్ళుగా కత్తిరించి సీసాకు నిలువుగా అంటించేవాళ్ళం. ఒక్కో పన్ను ఒక్కో మోతాదు. అక్షరం రానివాళ్ళు కూడా ఆ గుర్తు చూసి మందు తాగేవాళ్ళు. అంత తెలివైన ఏర్పాటు ఇప్పటి రంగురంగుల అట్టపెట్టెల మీద నాకు కనబడదు. దానిలోనూ ఒక లోపం ఉంది. అది ముందు ముందు చెబుతాను.

వరదయ్య గారు

పై అధికారుల గురించి రాసేటప్పుడు అందరూ దేవుళ్ళనో రాక్షసులనో రాస్తారు. వరదయ్య గారు రెండూ కాదు. ఎల్.ఎం.పి. చదివిన మంచి వైద్యుడు, మంచి మనిషి, గొంతు మాత్రం పెద్దది. ఆయన దగ్గర నాకు రెండే కట్టుబాట్లు. చీటీలో లేనిది కలపకూడదు. చీటీలో ఉన్నది అర్థం కాకపోతే పోయి అడగాలి. రెండోది పాటిస్తే ఆయన అరిచేవాడు, ఎందుకంటే ఆయన రాత ఆయనకే అర్థమయ్యేది కాదు. ఒకసారి నేను పట్టుకుపోయిన చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎవురు రాసినారు?" అని నన్నే అడిగాడు.

ఆయనకున్న లోపం ఒకటే. రోగికి ఒకసారి చెబితే రోగి ఇంటికి మొత్తం చెప్పినట్టే అని అనుకునేవాడు. మద్రాసు నుంచి తెప్పించిన అచ్చు చీటీలు మా దగ్గర కట్టలు కట్టలుగా ఉండేవి. సీసాను బాగా కుదిపి తాగాలని వాటి మీద ఇంగ్లీషులో ఉండేది. అవి అంటించి పంపితే మా బాధ్యత తీరిందని ఆయన అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. పక్కనే ఉన్న తిరుచానూరులో ఆ సీసాలు పోయే ఇళ్ళలో ఇంగ్లీషు చదివేవాళ్ళు లేరని మా ఇద్దరికీ తట్టలేదు.

నిద్రమందు

బార్బిట్యురేట్లు అనే మందుల పేరు మీరు పుస్తకంలో ఒక పాఠంగా చదివి ఉంటారు. మాకు అవి రోజూ చేతిలో ఉండేవి. అందులో ఫినోబార్బిటోన్ మూర్ఛరోగానికి వరం. ఎన్నో ఏళ్ళుగా పడిపోతున్నవాళ్ళు అది మొదలుపెట్టాక నెలల తరబడి నిలబడి తిరగడం నేను కళ్ళారా చూశాను. అదే మందును, దాని జాతిలో మరికొన్నిటిని, నిద్ర పట్టనివాళ్ళకు, ఆపరేషన్ ముందు భయపడేవాళ్ళకు కూడా ఇచ్చేవాళ్ళం. మేలు చేసినంత సులువుగా కీడూ చేస్తుంది. నిద్రపుచ్చే మోతాదుకూ, ఊపిరి మందగించే మోతాదుకూ మధ్య ఎడం చిన్నది. వాడగా వాడగా ఒంటికి అలవాటవుతుంది. అలవాటయ్యాక ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛలు ఇంతకు ముందు కంటే గట్టిగా వస్తాయి. కల్లు తాగి దాన్ని వేసుకుంటే మనిషి దక్కడం కష్టం. ఈ మందుతో ఎంత జాగ్రత్తగా ఉండాలో నాకు నేర్పినవాళ్ళలో మొదటివాడు నాగభూషణం అనే సత్రం మేనేజరు.

యాత్రికుల రొదలో తనకు నిద్ర పట్టదని ఆయన గోల. వరదయ్య గారు నిద్రమాత్రలు రాశారు. నేను పది మాత్రలు ఒక చిన్న సీసాలో వేసి ఇచ్చాను. ఆయన దాన్ని తలగడ పక్కన పెట్టుకున్నాడు. ఒకటి వేసుకున్నాడు. కాస్త మత్తు వచ్చాక, వేసుకున్నానా లేదా అన్న అనుమానం వచ్చింది. ఇంకొకటి వేసుకున్నాడు. మళ్ళీ అదే అనుమానం. మర్నాడు మిట్టమధ్యాహ్నం అరవ దేశపు యాత్రికులు కొందరు మా అరుగు ఎక్కారు. అందరివీ అప్పుడే గీయించుకున్న గుండ్లు, వాటి మీద గంధం ఎండిపోయి పెచ్చులు లేస్తోంది. సత్రం తాళాలు మేనేజరు మొలకు ఉన్నాయట, మేనేజరు లేవడం లేదట, ఎండకు గుండ్లు మాడిపోతున్నాయట. మేము పరిగెత్తాం. వరదయ్య గారు ఆయన్ని గట్టిగా కుదిపితే, కళ్ళు తెరవకుండానే "గదులు ఖాళీ లేవు" అన్నాడు. ఆ మాట వినగానే ప్రాణానికి భయం లేదని మాకు అర్థమైంది.

మత్తులో ఉన్న మనిషి తాను మందు వేసుకున్న సంగతే మరిచిపోతాడు. అప్పటి నుంచి నిద్రమాత్రలు ఎవరికీ సీసాతో ఇవ్వలేదు. ఒక్క పూటకు ఒక్క పొట్లం, అది కూడా ఇంట్లో ఇంకొకరి చేతికి. తర్వాత విచారిస్తే నాగభూషణం గారు పొద్దు గూకాక నాలుగు కాఫీలు తాగుతాడని తేలింది. దానికి మందు కాఫీ మానడమే.

మునిరత్నం

ఇక అసలు సంగతి.

మునిరత్నం తిరుచానూరు అమ్మవారి గుళ్ళో నాదస్వరం వాయించేవాడు. ముప్ఫై దాటని మనిషి. తండ్రి నుంచి వచ్చిన వంతు అది, అంటే గుడి ఉత్సవాల్లో వాయించే హక్కు. నాలుగైదేళ్ళుగా మూర్ఛలు వచ్చేవి. ఒకసారి ఊరేగింపులోనే పడిపోయాడు, నాదస్వరం రాతి మీద పడి పగులిచ్చింది. గుడి పెద్దలు పిలిచి, "ఇంగొకసారి ఉత్సవంలో పడినావంటే వంతు నీ దాయాదికి పోతాది" అని చెప్పేశారు. ఆ ఇంట్లో వాళ్ళకు కూడూ గౌరవమూ రెండూ ఆ వంతే. మా దగ్గర ఫినోబార్బిటోన్ మాత్రలు మొదలుపెట్టాక చాలా నెలలు అతనికి మూర్ఛ రాలేదు. వచ్చే కార్తీక బ్రహ్మోత్సవాలకు ధైర్యంగా ఉన్నాడు.

అంతలో రెండో ప్రపంచ యుద్ధం వల్ల విదేశీ మాత్రలు రావడం ఆగిపోయింది. మద్రాసులో అడిగితే, నీళ్ళలో కరిగే రకం ఫినోబార్బిటోన్ పొడి ఒక డబ్బా దొరికింది. దానితో మిక్చరు చేసి ఇమ్మని వరదయ్య గారు చీటీ రాశారు. చేశాను. ఆరు రోజుల తర్వాత మునిరత్నం వచ్చి నా కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, మందు బాగానే పని చేస్తా ఉండాది. కానీ ఆ చేదు నాలిక వదల్లేదు. నాదస్వరం పీక నోట్లో పెట్టుకుంటే వాంతికొస్తాది. ఊదేది ఎట్ల?"

నాకు జాలి వేసింది. జాలితో పాటు కాస్త గర్వం కూడా. మా అమ్మ చేసే నిమ్మకాయ షరబత్తంటే చిత్తూరులో పేరు. ఆ రోజే నిమ్మకాయలు తెప్పించి, చక్కెర పాకం పట్టి, మునిరత్నం మిక్చరులో ఆ షరబత్తు పోశాను. పోసీ పోయగానే మిక్చరు నీళ్ళమజ్జిగలా తెల్లబడింది. షరబత్తు చిక్కదనం అనుకున్నాను. మందుకు రుచి చేర్చడం మందు కలపడం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. డాక్టరు గారిని అడగలేదు. సీసాను బాగా కుదిపి తాగమని మునిరత్నానికి ఒక్కసారి చెప్పి, ఇంగ్లీషు చీటీ అంటించి పంపాను.

"ఇప్పుడు తీర్థం మాదిరి ఉండాది తల్లీ" అని మునిరత్నం చెప్పి పంపాడు. నేను పొంగిపోయాను.

రెండు వారాలు తిరక్కముందే అతనికి మళ్ళీ మూర్ఛ వచ్చింది. వరదయ్య గారు మోతాదు పెంచి కొత్త చీటీ రాశారు, నేను ఆ సీసాలోనూ షరబత్తు పోశాను. మళ్ళీ వచ్చింది, ఇంకా పెంచి మూడో చీటీ రాశారు. "ఇంత మందుకు ఏనుగైనా పడుకోవాల. వీడికి ఏమయిందబ్బా" అని ఆయన తల పట్టుకున్నాడు. నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. నిమ్మ షరబత్తు సంగతి నా నోటి దాకా రాలేదు, ఎందుకంటే నా తలలోకే రాలేదు.

తేట

బ్రహ్మోత్సవాల మొదటి రోజు. ధ్వజారోహణానికి ఊరంతా తిరుచానూరుకు పోయింది కాబట్టి మా అరుగు ఖాళీగా ఉంది. ఉదయం పదింటప్పుడు ఒక ఎద్దులబండి వచ్చి ఆగింది. అందులో మునిరత్నం, పట్టు పంచెతో, నుదుట బొట్టుతో, ఒళ్ళు తెలియకుండా. వెంట తల్లి గంగులమ్మ, భార్య అలివేలు. పొద్దున తానం చేసి, తయారై, అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే వాలిపోయాడట. ఎంత పిలిచినా లేవడట.

"బండిలో వచ్చేటప్పుడు సెయ్యి ఎగిరెగిరి పడినాది సామీ" అంది గంగులమ్మ.

వరదయ్య గారు లోపల మూర్ఛలు ఇంకా సాగుతున్నాయని అనుకున్నారు. ఆ పరిస్థితిలో ఎవరైనా అదే అనుకుంటారు. "రాహేలమ్మా, ఫినోబార్బిటోన్ సూది సిద్ధం చెయ్" అన్నారు. నేను సూది కడిగి దానిలోకి మందు ఎక్కిస్తున్నాను. గుమ్మం దగ్గర అలివేలు తనలో తాను అనుకున్నట్టుగా అంటోంది: "గట్టి మందంతా తాపించినా గదా. అయినా వచ్చిందే."

నేను సూది పట్టుకునే తిరిగాను. "గట్టి మందేంది అలివేలూ?"

"మీరిచ్చిందే అక్కా. అడుగున మడ్డి నిలుస్తాదే, అది."

మెల్లగా అడిగితే అంతా చెప్పింది. వాళ్ళ ఇంట్లో స్వర్ణముఖి నీళ్ళు తాగుతారు. వానాకాలం ఏరు బురదగా ఉంటే, చిల్లగింజ అరగదీసి కుండలో కలిపి, కదపకుండా పెట్టి, పైన తేరిన తేట వంచుకుంటారు. కుండను కుదిపిన కోడలికి ఆ ఇంట్లో చీవాట్లే. అలివేలు మందు సీసాను కూడా అంతే భక్తిగా చూసుకుంది. కదపకుండా గూట్లో పెట్టి, తెల్లటి మడ్డి అడుక్కు దిగాక, పైన ఉన్న తేట రోజుకు రెండు పూటలా మొగుడికి తాపింది. యుద్ధం రోజుల్లో మందు దొరకదని డాక్టరు గారు అన్నారు కదా, అందుకని మడ్డి పారబోయలేదు. మూడు సీసాల మడ్డినీ ఒక చిన్న జాడీలో దాచింది. కషాయం కాస్తే సారమంతా అడుగు గసిలోనే ఉంటుందని ఆమెకు తెలుసు. గసి వేడి చేస్తుందని రోజూ ఇవ్వరు, అవసరానికి ఇస్తారు. ధ్వజారోహణం కంటే అవసరం ఏముంది? ఆ రోజు పడిపోకూడదని, పొద్దున్నే జాడీలోదంతా కలిపి తాపించింది.

జాడీ ఆమె చేతిలోనే ఉంది. అడుగున తెల్లటి పొడి అంటుకుని ఉంది. అది షరబత్తు చిక్కదనం కాదు. పులుపు తగిలితే పాలు విరిగినట్టు, నిమ్మరసం తగిలి ఆ మందు నీళ్ళలో నుంచి విరిగి పొడిగా అడుక్కు చేరింది. పైన తేటలో మందు పావు వంతు కూడా లేదు, అందుకే మూర్ఛలు ఆగలేదు. మూడు సీసాల మందు ఒక్కసారిగా ఈ పొద్దున అతని కడుపులోకి పోయింది. కాగితం పట్టీ మీద పళ్ళు నీళ్ళను కొలిచాయి గానీ మందును కొలవలేదు. నా చేతిలో ఉన్న సూదిలో మళ్ళీ అదే మందు.

ఇక్కడ నిజం చెప్పాలి. నేను వెంటనే నోరు తెరవలేదు. ఉద్యోగం పోతుంది, మళ్ళీ ఏ డాక్టరూ నన్ను గడప తొక్కనివ్వడు, నాయన ముఖం ఎట్లా చూడాలి, ఈ మూడూ నా మనసులో తిరిగాయి. రెండు క్షణాలో మూడు క్షణాలో. మీరు ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి చెబుతున్నాను, మీకూ ఆ క్షణాలు వస్తాయి. రావని ఎవరైనా అంటే నమ్మవద్దు.

"సార్, సూది వద్దు. అతను మూర్ఛలో లేడు, చెయ్యి ఎగిరింది బండి కుదుపులకే. మందు ఎక్కువై పడుండాడు" అన్నాను. చెప్పాల్సిందంతా చెప్పేశాను.

వరదయ్య గారు అరవలేదు. "నిమ్మ షరబత్తు నా చీటీలో ఉండాదా?" అని మాత్రం అడిగారు.

"లేదు సార్."

"సరే. గొట్టం తే. కడుపు కడగాల."

కడిగాం. గొట్టంలోనే చిక్కటి కాఫీ పోశాం, అప్పట్లో అదీ ఒక మందే. నాలుక వెనక్కి పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టాం. గంటకొకసారి ఈ పక్కకూ ఆ పక్కకూ మార్చాం, గొంతులో కఫం తుడిచాం, ఒళ్ళు చల్లబడకుండా కంబళి కప్పాం. ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు వస్తోందో నేను లెక్కపెడుతూ కూర్చున్నాను. ఇంతకు మించి చేయగలిగింది అప్పుడు ఏమీ లేదు. మనిషి చేయాల్సిందంతా చేశాక మందు దిగేదాకా కాచుకుని ఉండాలి.

అరుగు మీద

మర్నాటికి అరుగు నిండింది. మునిరత్నం ఇంకా లేవలేదు. కానీ ఊరికి కథ దొరికింది. అలివేలు జాడీలోది తాపిందని గంగులమ్మకు తెలుసు, మిగతాది ఆమెకు తెలియదు.

"దాయాదోళ్ళ మాట ఇని నా కొడుక్కి ఏందో పెట్టింది. వంతు ఆళ్ళకి పోవాలని. నా కండ్ల ముందరే జాడీలో దాసిపెట్టింది, నేనే గమనించలేదు" అని అందరికీ చెప్పి ఏడుస్తోంది. అలివేలును మంచం దగ్గరికి రానివ్వలేదు. ఆమె పుట్టిల్లు పాకాల. మధ్యాహ్నం రైలుకు పంపేస్తామని, వాళ్ళ అన్నకు కబురు కూడా చేశారు. పంపేశాక ఇక తిరిగి రానివ్వరని అందరికీ తెలుసు. అలివేలు మెట్ల పక్కన ఎండలో కూర్చుని ఉంది. ఏడవడం కూడా లేదు.

నేను లోపలికి పోయి వరదయ్య గారితో, బయట ఉన్నవాళ్ళకు సంగతి చెప్పాలన్నాను.

"వాడు లేసినాక అన్నీ సర్దుకుంటాయి" అన్నారు ఆయన. "ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే, ఈడ మందు తాగితే సస్తారని ఊరంతా చెప్పుకుంటారు. మూర్ఛరోగులు ఉన్న మందు మానేస్తారు. ఉన్నట్టుండి మానేస్తే ఏమవుతాదో నీకు తెలుసు గదా."

ఆయన మాటలో నిజం ఉంది. అందుకే నాకు మరీ కష్టమైంది. కానీ రైలు అప్పటిదాకా ఆగదు.

రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, రెండింట్లోనూ మద్రాసు డబ్బాలోని మందు పొడి కరిగించి, అరుగు మీదికి తెచ్చాను. "అందరూ సూడండి" అన్నాను. ఒక గ్లాసులో నిమ్మ షరబత్తు పోశాను. అందరి కళ్ళ ముందే తెల్లబడింది. కాసేపటికి పొడి కిందికి దిగడం మొదలైంది. రెండో గ్లాసు తేటగానే ఉంది.

"డాక్టరు గారు రాసింది ఈ గ్లాసు" అన్నాను. "నేను ఇచ్చింది ఆ గ్లాసు. ఎవురూ చెప్పకుండా, ఎవుర్నీ అడగకుండా షరబత్తు పోసింది నేను. సీసా కుదపాలని ఇంట్లో మందు తాపే మనిషికి చెప్పకుండా పంపింది నేను. అలివేలు తన సేత్తో తాపింది గానీ మందును ఇసం చేసింది ఆమె కాదు. ఈ మందు ఎవురూ మానద్దండి. మందులో తప్పు లేదు, తప్పు నాది."

 తర్వాత గంగులమ్మ లేచింది. నా సెయ్యి ఇరిగిపోవాలని, నా కడుపున పుట్టినవాళ్ళు మూగవాళ్ళు కావాలని తిట్టింది. ఆమె నోటికి వచ్చిన తిట్లు ఇక్కడ రాయను గానీ, చిత్తూరు జిల్లాలో ఉన్నవన్నీ ఆ రోజు నాకు దక్కాయి. ఎవరి మాటా పడనని పేరున్న దాన్ని, నిలబడి అన్నీ పడ్డాను.

ఎప్పుడు వచ్చారో, నా వెనక వరదయ్య గారు ఉన్నారు.

"గంగులమ్మా, తిట్టింది చాలు, సగం నాకు మిగల్చు" అన్నారు. "మూడుసార్లు చీటీ రాసినా. ఒక్కసారి కూడా ఆ సీసా తెప్పించి సూడలేదు. సూసుంటే ఈ తెల్లపొడి నాకు కనపడేది. ఇంగ్లీషు చీటీ అంటించి పంపింది గూడా నేను పెట్టిన పద్ధతే. నీ కోడలు ఏరు నీళ్ళు ఎట్ల తేర్చాలని నువ్వు నేర్పినావో, మందూ అట్లే తేర్చింది."

గంగులమ్మ చాలాసేపు ఆ రెండు గ్లాసుల వంక చూసింది. తర్వాత మెట్లు దిగి, అలివేలు పక్కన ఎండలోనే కూర్చుంది. కొంగుతో కోడలి నుదుటి చెమట తుడిచింది. పాకాల నుంచి వచ్చిన అన్న, భోజనం చేసి ఒంటరిగానే వెనక్కి పోయాడు.

మూడో రోజు

మూడో రోజు పొద్దున నేను ఊపిరి లెక్కపెడుతుంటే మునిరత్నం కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది.

"ధ్వజారోహణం అయిపాయనా?" అన్నాడు.

"మొన్ననే అయిపోయిందప్పా."

"ఎవురు వాయించినారు?"

"నీ దాయాది."

"ఎట్ల వాయించినాడు?"

నాకు తెలియదన్నాను. గుమ్మంలో ఉన్న అలివేలు, "శ్రుతి దిగిపాయిందంట" అంది. మునిరత్నం ముఖంలో కాస్త రంగు వచ్చింది. నేనూ వరదయ్య గారూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా బయటికి వచ్చేశాం, నవ్వు ఆగలేదు. మూడు రోజుల తర్వాత మేము నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి.

గుడి పెద్దల దగ్గరికి వరదయ్య గారే స్వయంగా పోయి, మునిరత్నం ఉత్సవంలో పడలేదు, మా తప్పు వల్ల పడుకున్నాడు అని చెప్పారు. చివరి రోజు పంచమీ తీర్థానికి అతను వాయించవచ్చనీ, అది సాఫీగా సాగితే వంతు అతనిదేననీ వాళ్ళు ఒప్పుకున్నారు. మందు మళ్ళీ మొదలైంది. ఈసారి మిక్చరు కాదు, మోతాదు మోతాదుగా తూచి కట్టిన పొడి పొట్లాలు. చేదుకు తేనె ఇంట్లో నాకమన్నాను.

నా ఉద్యోగం పోలేదు. తర్వాత మాట్లాడదామని వరదయ్య గారు ఆ రోజు అన్నట్టు నాకు గుర్తు, ఆ 'తర్వాత' అనేది ఎప్పుడూ రాలేదు. ఇంగ్లీషు చీటీల కట్టలు మాత్రం ఒక మధ్యాహ్నం నీళ్ళ పొయ్యిలోకి పోయాయి.

ఇంటికి పోయే రోజు పొట్లాలు అలివేలు చేతిలో పెట్టి, ఎప్పుడెప్పుడు ఎట్లా ఇవ్వాలో చెప్పాను. ఎక్కువ చెప్పాను, భయంతో. ఆమె అంతా విని, "అక్కా, నువ్వు సెప్పేది అయిపాయనా? ఇప్పుడు నేను సెప్తా. నువ్వు ఇను" అంది. పొద్దున ఒకటి, పొద్దు గూకినాక ఒకటి, నీళ్ళలో కలిపి గిలక్కొట్టి, అడుగున ఏమన్నా మిగిల్తే ఇంకో గుక్కెడు నీళ్ళు పోసి అదీ తాపేది, మూర్ఛ రాలేదని మానేది లేదు, వచ్చిందని రెండిచ్చేది లేదు. ఒక్క మాట తప్పు పోలేదు. పిల్లలూ, ఆ తర్వాత పని చేసినన్నాళ్ళూ నేను మందు ఇచ్చిన ప్రతి మనిషి చేతా ఇంటికి పోయి ఎట్లా వాడతావో నాకే చెప్పించుకున్నాను. అది నేను కనిపెట్టిన పద్ధతి అని చాలామంది మెచ్చుకున్నారు. నేను వాళ్ళతో అలివేలు పేరు చెప్పేదాన్ని.

పంచమీ తీర్థం

పంచమీ తీర్థం రోజు నేను తిరుచానూరు పోయాను. మేము క్రైస్తవులం, మా ఇంట్లో ఎవరూ ఆ ఉత్సవానికి పోరు. చిత్తూరులో ఉన్న నాయనకు ఉత్తరం రాసి మరీ పోయాను.  జనంలో అలివేలు నన్ను వెతికి పట్టుకుని, ఊరేగింపు పోయే దారి పక్కన తన దగ్గర నిలబెట్టుకుంది. గంగులమ్మ అవతలి పక్కన చేతులు జోడించి నిలబడి ఉంది. ఆమె నన్ను చూసి తల ఊపింది, అంతే.

మునిరత్నం కనబడ్డాడు. చిక్కిపోయాడు. నాదస్వరం ఎత్తి పీక నోట్లో పెట్టుకున్నాడు. నేను అతని చేతి వేళ్ళనే చూస్తున్నాను, ఏ వేలు అదురుతుందా అని. పాట మొదలైంది. ఏం రాగమో నాకు తెలియదు, నేను వినలేదు కూడా, ఊపిరి లెక్కపెడుతున్నాను. అతను ఒక్క అడుగు తడబడకుండా మమ్మల్ని దాటి, జనం మధ్యలో నుంచి పుష్కరిణి దాకా వాయించుకుంటూ పోయాడు.

ఆ రోజు మునిరత్నం పడిపోలేదు. నేనే దారి పక్కన కూలబడ్డాను. అలివేలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.